కరిగిన నర్సిమ్మ

కొత్తకోట దగ్గర పెద్దరోడ్డు దిగి పడమటికి బండిబాట పట్టి పోతే ఎర్రగట్టుపల్లి వస్తుంది. ఆ ఊరి రైతులు కోతలయిపోయాక భాగోతం ఆడేవాళ్ళు. పొద్దంతా నాగలి పట్టిన చేతులే రాత్రికి గద పట్టేవి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకొని వచ్చి చూసేవాళ్ళు. పాటలో వాళ్ళకన్నా మిన్నగా పాడేవాళ్ళు వేరే ఊళ్ళలో లేకపోలేదు. కానీ ముఖం రాయడంలో మాత్రం ఎర్రగట్టుపల్లి మేళాన్ని మించింది లేదనేవాళ్ళు. ఆ పేరు గాలయ్య వల్ల వచ్చింది.

గాలయ్యకు రెండెకరాల చెలక ఉండేది. వేషాలకు ముఖాలు రాసే పని తండ్రి నుంచి వచ్చింది. అర్దళం అనే పసుపు రాయిని, ఎర్రటి ఇంగిలీకాన్ని, తెల్లటి సఫేదాను, దీపపు మసిని ఇంట్లో కల్వంలో వేసి నూరేది ఆయన భార్య గోపమ్మ. నూరడం వరకే ఆమె పని. వేషం కట్టే చోటికి ఆడవాళ్ళు రాకూడదని ఆచారం. పిల్లలు లేని ఆ ఇంట్లో గాలయ్య చెల్లెలి కొడుకు ఎల్లస్వామి పెరిగాడు. తల్లి పురిట్లోనే పోతే తండ్రి మారుమనువు చేసుకున్నాడు. అప్పటి నుంచి పిల్లవాడికి మేనమామే దిక్కు.

ఎల్లస్వామికి మీసం వచ్చేనాటికే చేయి కుదిరింది. దివిటీ వెలుగులో, ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా రాజు కోపంగా ఉన్నాడో దిగులుగా ఉన్నాడో తెలియాలి, ముఖం అట్లా రాయాలని మామ చెప్పేవాడు. దగ్గరగా చూస్తే మొరటుగా ఉన్నా ఫరవాలేదు. అందుకే కనుబొమలు చెవులదాకా సాగేవి, కంటి కింద నలుపు చెంప సగందాకా దిగేది. అన్నింటిలోకీ కష్టమైంది నరసింహస్వామి ముఖం. మనిషి ముక్కు మీద సింహం ముక్కు రావాలి. వేషం వేసే జంగయ్య నోరు తెరిచి అరిచినప్పుడు రంగు ఎక్కడా పగలకూడదు, చెమటకు కారకూడదు. కిలుంబు పట్టిన రాగిచెంబులో గాలయ్య ఏదో జిగురు కాచి కలిపేవాడు. ఆ కలపడం ఎల్లస్వామికి ఒక్కడికే చూపించాడు.

ఎల్లస్వామికి ఇరవై దాటేసరికి మామ కళ్ళకు పొర కమ్మింది. దవాఖానకు పోదామంటే కత్తి పేరు వినే భయపడేవాడు. ఆ సంగతి మేళంలో ఎవరికీ తెలియనివ్వలేదు. అలవాటు కొద్దీ తానే గీత మొదలుపెట్టేవాడు. పక్కన నిలబడిన ఎల్లస్వామి ఎవరూ చూడకుండా దాన్ని సరిచేసేవాడు. నరసింహుడి ముఖమైతే తడక చాటున మొత్తం ఎల్లస్వామే రాసేవాడు. అందరూ గాలయ్య చెయ్యిని మెచ్చుకునేవాళ్ళు. మామ మాట్లాడేవాడు కాదు. ఇంటికి వచ్చాక మాత్రం, "ఇగ నా కండ్లు నువ్వే బిడ్డా" అనేవాడు.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒక్క రాష్ట్రమైన ఏడాది తర్వాత, ఎండాకాలం మొదట్లో మద్రాసు నుంచి సినిమా వాళ్ళు ఆ వైపు వచ్చారు. పాత కోటగోడల దగ్గర యుద్ధం తీస్తారట. సైనికులుగా నిలబడడానికి ఊళ్ళ జనాన్ని పిలిచారు. అంతమందికి గడ్డాలు, మీసాలు పెట్టడానికి చేతులు చాలక, రంగులు రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఎల్లస్వామి పోయాడు. మేకప్ పెద్దాయనను అందరూ మేష్టారు అనేవాళ్ళు. బెజవాడ వైపు నుంచి వెళ్ళి మద్రాసులో స్థిరపడిన మనిషి. మొదటిరోజు ఎల్లస్వామి రాసిన సైనికుణ్ణి కెమెరా ముందు నిలబెట్టి నవ్వాడు. తర్వాత తన తువ్వాలుతోనే ఆ ముఖం తుడిచి, మళ్ళీ రాసి చూపించాడు. రాసినట్టే లేదు. కానీ మనిషి మారిపోయాడు, పదేళ్ళు యుద్ధాల్లో తిరిగినవాడిలా ఉన్నాడు. ఎల్లస్వామి కన్ను ఆర్పకుండా చూశాడు. మామ నేర్పిన విద్య దూరానికి చూపించే విద్య. ఇది దగ్గరలో దాచే విద్య. ఇట్లాంటిది ఒకటుందని అతనికి అంతవరకు తెలియదు.

వెళ్ళిపోయే ముందు మేష్టారు అతన్ని పక్కకు పిలిచాడు.

"నీ చెయ్యి వణకదబ్బాయ్. అతిగా రాయడం మానిపిస్తే పనికొస్తావు. వైశాఖ పున్నమికల్లా మద్రాసులో ఉండు, దగ్గర పెట్టుకొని నేర్పిస్తాను. ఆపైన వస్తే నా దగ్గర జాగా ఉండదు, ముందే చెబుతున్నా."

ఎల్లస్వామి తల ఊపాడు. ఊపిన తర్వాత తిథి గుర్తొచ్చింది. పున్నమికి ముందురోజే నరసింహ జయంతి. ఆ ఏడు యాదగిరిగుట్ట కింద భాగోతం ఆడమని ఎర్రగట్టుపల్లి మేళానికి పిలుపు వచ్చింది. ఎప్పుడూ పాలమూరు జిల్లా దాటని మేళం. గుట్టకు వచ్చే యాత్రికుల ముందు, స్వామి సన్నిధిలో, స్వామి కథే ఆడాలి. జంగయ్య ఆ వేషం కోసం నెల రోజులు ఒక్కపొద్దులుంటానని మొక్కుకున్నాడు.

చెప్పాలనే అనుకున్నాడు. అన్నం తింటూ ఒకసారి, చెలకలో మంచె కింద కూర్చొని ఒకసారి, మాట ఎత్తబోయాడు. మామ మసక కళ్ళతో తనవైపు తిరిగి చూసేసరికి ఎడ్ల సంగతో వానల సంగతో అడిగి ఊరుకునేవాడు. చెబితే మామ వద్దనడని అతనికి తెలుసు. వద్దనడు, ఊరికే ఉంటాడు. ఆ ఊరికే ఉండడాన్ని భరించలేననిపించింది.

చివరికి దారి మామే చూపించాడు. రంగులు అయిపోవచ్చాయి, హైదరాబాదు పోయి బేగంబజారులో కొత్తవి కొనుక్కొని అట్నించటే గుట్టకు వచ్చేయమన్నాడు. మేళం వెనక నుంచి బస్సులో వస్తుంది. పెట్టెలో బరువెందుకని గోపమ్మ నూరిన పాత రంగులు కూడా తీసి ఇంట్లోనే పెట్టారు. ఎల్లస్వామి తెల్లవారి బయలుదేరాడు. గోపమ్మ సద్దిమూట కట్టి ఇచ్చింది. కొత్తకోటలో హైదరాబాదు బస్సు నిలబడే ఉంది. అతను దాని పక్క నుంచే నడిచి, జట్కా ఎక్కి వనపర్తి రోడ్డు స్టేషనుకు పోయి, కర్నూలు వైపు పోయే రైలెక్కాడు.

రంగులు ఎవరో తెస్తారు, గుట్ట దగ్గర ఏ మేళంవాళ్ళో ఉంటారు, మామ ఎట్లాగో సర్దుకుంటాడు అని దారిపొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. ద్రోణాచలంలో రైలు మారేటప్పుడు సద్దిమూట విప్పాడు. రెండు ముద్దలు తిని, మిగతాది ప్లాట్‌ఫారం మీద కూర్చున్న బిచ్చగత్తెకు ఇచ్చేశాడు.

మద్రాసులో మేష్టారు మాట తప్పలేదు. మొదట్లో స్పాంజీలు కడగడం, బ్రష్షులు ఆరబెట్టడం, వల మీద ఒక్కొక్క వెంట్రుక కట్టి మీసం అల్లడం. తర్వాత ఛాయ కలపడం. నలుపు తెలుపు బొమ్మలో ఎరుపు నల్లగా పడుతుందని, కెమెరా గాజుకన్ను మనిషి కన్ను చూసినట్టు చూడదని నేర్చుకున్నాడు. చెయ్యి తేలిక చేసుకోవడానికి చాలాకాలం పట్టింది. "మళ్ళీ దివిటీకి రాస్తున్నావు" అని మేష్టారు వేళ్ళమీద కొట్టేవాడు. పని బాగుండేది, చూసేకొద్దీ కొత్తగా ఉండేది. ఆ సంతోషం నిజమైందే. అయితే ఏ పనిలోనైనా చెయ్యి బాగా కుదిరిన రోజున, మామకు చూపించాలని ముందుగా అనిపించేది, వెంటనే లేచి బ్రష్షులు కడగడానికి పోయేవాడు. ఊరికి ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఏమని రాయాలో తోచలేదు.

నాలుగో ఏట స్టూడియోలో కొత్త ఫ్లోరు కట్టడానికి పాలమూరు కూలీలు వచ్చారు. వాళ్ళ మాట చెవిన పడగానే ఎల్లస్వామికి ప్రాణం లేచివచ్చింది. మధ్యాహ్నం గంపలు దించి అన్నాలకు కూర్చున్న చోటికి పోయి తనూ కూర్చున్నాడు. తన ఊరు చెప్పలేదు, పాలమూరోణ్ణే అని మాత్రం అన్నాడు. అంజయ్య అనే వయసుమళ్ళిన కూలీ మంచి మాటకారి. రంగులు రాసే పని అని వినగానే అతనికి ఒక కథ యాదికి వచ్చింది.

"మా దిక్కు ఎర్రగట్టుపల్లని ఒక ఊరుంది. ఆళ్ల భాగోతం గుట్టకాడ ఆడిండ్రు, నేను గాడనే ఉన్న. రంగులు తేవాల్సినోడు రాలే. రాసేటోనికేమో కండ్లు లెవ్వు. గుట్టమీద దుకాండ్లల్ల పసుపు, కుంకుమ, బియ్యప్పిండి కొనుక్కచ్చి పూసిండ్రు. కంబం పగిలి నర్సిమ్మసామి బయటికొచ్చిండు. ఇంకేంది, లైట్ల ఉడుకుకు పిండి పెచ్చులు పెచ్చులు ఊడవట్టె, కుంకుమ కారి నోట్లకు వోవట్టె. ఒక కన్ను గీడ, ఒక కన్ను గాడ. జనం ఒక్కటే నవ్వుడు. ఇరణ్యకశిపుడు సుత నవ్విండు. గప్పటిసంది గా ఏసమేసినాయనను కరిగిన నర్సిమ్మ అంటరు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎల్లస్వామి కూడా నవ్వాడు. తన నోటి నుంచి ఆ నవ్వు ఎట్లా వచ్చిందో అతనికి ఆ తర్వాత ఎన్నేళ్ళు తలచుకున్నా అర్థం కాలేదు. రాసినాయన ఏమయ్యాడని మెల్లగా అడిగాడు. "ఏమైతడు? నవ్వు ఇనంగనే రంగుల పళ్లెం కింద వెట్టి గుట్టదిక్కు మొక్కిండంట. మళ్ల బ్రష్షు వట్టలేదన్నరు" అని అంజయ్య చేతులు కడుక్కున్నాడు.

ఆ రోజే బయలుదేరి ఉంటే కథ వేరు. ఎల్లస్వామి బయలుదేరలేదు. అప్పుడే మేష్టారు అతనికి ఒక హాస్యనటుడి ముఖాన్ని పూర్తిగా అప్పగించాడు. ఆ సినిమా అయ్యాక ఇంకొకటి. ఏ మొకం పెట్టుకొని పోవాలె అనుకుంటూ రెండేళ్ళు గడిపాడు. తెలియక చేసినదానికి ఒక సాకన్నా ఉండేది. తెలిసి ఆగిన ఈ రెండేళ్ళకు అదీ లేకపోయింది.

చివరికి ఆరేళ్ళ తర్వాత, మాఘమాసంలో వచ్చాడు. ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. మామ ఇంటి ముందు మేళంవాళ్ళు వరసగా కూర్చొని ఉన్నారు. ఆ సాయంత్రం పక్క ఊళ్ళో ఆట ఉంది. వాళ్ళ మధ్య పీట వేసుకొని, కొంగు నడుముకు చెక్కుకొని, కృష్ణుడి వేషగాడి గడ్డం ఎడమచేత్తో పట్టుకొని ముఖం రాస్తున్నది గోపమ్మ.

ఈ విద్య తనతోనే పోయిందని, తానే దాన్ని చంపానని ఎల్లస్వామి అన్నేళ్ళు అనుకున్నాడు. వస్తే మళ్ళీ బతికించవచ్చని కూడా మనసులో ఎక్కడో ఉంది. అది బతికే ఉంది. తన కోసం ఆగలేదు. అతను ఆ వాకిట్లో సంచి పట్టుకొని, కాళ్ళు కడుక్కోమనే మాట కోసం నిలబడ్డాడు.

గోపమ్మ తల ఎత్తి చూసింది. మనిషిని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "వచ్చినవా. లోపట మీ మామ ఉన్నడు, పో" అని మళ్ళీ పనిలో పడింది. తర్వాత తెలిసింది, ఒక ఏడాది మేళం మూలపడ్డాక ఆమె తానే రంగులు నూరి, మొదట మొగుడి ముఖం మీద రాయడం మొదలుపెట్టిందని. గాలయ్య తన ముఖాన్ని తానే వేళ్ళతో తడుముకొని, ఇక్కడ మందమైంది, ఇక్కడ గీత వంగింది అని చెప్పేవాడట. ఆడమనిషి రాయడమేమిటని మేళంలో కొందరు అలిగారు. రాసేవాళ్ళు వేరే లేరు కనక మెల్లగా అలక మానారు.

గాలయ్య మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఒక కన్ను కోయించుకున్నా చూపు రాలేదట. ఎల్లస్వామి పాదాలు పట్టుకున్నాడు. హైదరాబాదు బస్సు పక్క నుంచి నడిచిపోవడం దగ్గర్నుంచి, అంజయ్య కథకు నవ్వడం, తెలిసిన తర్వాత కూడా రెండేళ్ళు ఆగడం దాకా, ఏదీ దాచకుండా చెప్పాడు. మామ మధ్యలో మాట్లాడలేదు. ఏ ఊరికే ఉండడానికి భయపడి ఆనాడు పారిపోయాడో, అదే ఇప్పుడు ఎదురుగా ఉంది.

"నువ్వు పోయినందుకు గాదు బిడ్డా" అన్నాడు మామ. "పని నేర్సుకోనీకి పోతే ఎవడొద్దంటడు. చెప్పిపోతే అయిపోతుండె. పాత రంగులన్న ఎంట తీస్కపోయేటోళ్లం. బస్సు వచ్చినప్పుడల్ల లేసి నిలవడ్డ. గీ బస్సుల ఉంటడు, గా బస్సుల ఉంటడు అని అందరికి చెప్పిన. నీకేమన్న అయ్యిందేమో అని భయమైంది. పూసేటప్పుడు సుత గదే ఫికరు. చెయ్యి గందుకే వణికింది. కండ్లు లేక గాదు."

ఎల్లస్వామి ఏడ్చాడు. మామ అతని తల మీద చెయ్యి పెట్టలేదు, కాళ్ళు పట్టుకున్న చేతులు తీసెయ్యమనీ అనలేదు.

"నాకు చెప్పినవు, అయిపోయింది. జంగయ్యకు చెప్పు. నవ్వింది నన్ను జూసి గాదు."

గుట్ట దగ్గరి ఆ రాత్రి నుంచి జంగయ్య వేషం కట్టలేదు. బండి తోలుకుంటూ బతుకుతున్నాడు. ఎల్లస్వామి మరునాడు పొద్దున్నే వాళ్ళ ఇంటికి పోతుంటే, దారిలో ఎదురైన ఆడమనిషి ఎటని అడిగి, జంగన్న ఇంటికనగానే, "ఎవలు, కరిగిన నర్సిమ్మోళ్లా?" అంది. ఎగతాళిగా అనలేదు. అది ఆ ఇంటిపేరైపోయింది. జంగయ్య పిల్లలను కూడా బడిలో అట్లాగే పిలుస్తారట. జంగయ్య ఎడ్లకు కుడితి పెడుతూ విన్నాడు. అంతా విని, నెల రోజులు ఒక్కపొద్దులున్న సంగతి ఒక్కటే గుర్తు చేశాడు.

"అన్నా, ఊరందరి ముంగట నిలవడి చెప్త. తప్పు నాదని చెప్త" అన్నాడు ఎల్లస్వామి.

"చెప్తె నీ మనసు తేలికైతది తమ్మీ. నా పేరు పోతదా?"

అయినా శివరాత్రి నాడు ఊళ్ళో ఆట మొదలయ్యే ముందు, జనం ఇంకా చాపలు పరుచుకుంటుండగా, ఎల్లస్వామి ముందుకు వచ్చి నిలబడ్డాడు. గుట్ట దగ్గర జరిగినదానికి జంగన్న తప్పు లేదు, మామ తప్పు లేదు, రంగులు తెస్తానని అబద్ధమాడి మద్రాసు పోయిన తనదే తప్పని చెప్పాడు. జనం ముఖాలు చూసుకున్నారు. పటేలు దగ్గి, "సరే తీయ్, పాత ముచ్చట" అన్నాడు. వెనక నుంచి ఎవరో ఆట మొదలుపెట్టమని కేకేశారు. జంగయ్య ఆ రోజు ఆటకే రాలేదు. మర్నాడు బావి దగ్గర నీళ్ళు చేదుకునేవాళ్ళు అతన్ని అదే పేరుతో పిలిచారు.

ఎల్లస్వామి ఊళ్ళోనే ఉండిపోతానంటే గోపమ్మ ఒప్పుకోలేదు. అతని చేతికి బ్రష్షు ఇచ్చి ఒక చెలికత్తె వేషగాడి ముఖం రాయించి చూసింది. రాసింది బాగానే ఉంది గానీ నాలుగు అడుగులు వెనక్కి పోతే ఏమీ కనబడలేదు. "నీ చెయ్యి ఇప్పుడు మద్రాసుదైంది, నీ పని గాడనే జేస్కో. యాదికొస్తె వచ్చిపో, రాయి నూరిపో" అంది. అతను మద్రాసు తిరిగిపోయాడు. మేష్టారి దగ్గర పెద్ద సహాయకుడయ్యాడు, మేష్టారి తర్వాత సొంతంగా పని చేశాడు. ఒక పౌరాణిక చిత్రంలో నరసింహుడి ముఖం రాయమని పిలుపు వస్తే ఆ పని వేరేవాళ్ళకు ఇప్పించాడు. చేతికి వచ్చిన అదృష్టాన్ని ఎందుకు వదిలాడో అక్కడివాళ్ళకు తెలియదు. ఏటా ఎండాకాలం మాత్రం ఊరికి వచ్చి, కల్వం ముందు కూర్చొని అత్తకు రంగులు నూరి ఇచ్చేవాడు. గాలయ్య పోయినప్పుడు కబురు ఆలస్యంగా అందింది. దినాలకే రాగలిగాడు.

ఆ దినాలకు వచ్చినప్పుడు, కొత్తకోటలో బస్సు దిగేసరికి జంగయ్య బండి కట్టుకొని నిలబడి ఉన్నాడు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. గోపమ్మ పంపిందో, తానే వచ్చాడో చెప్పలేదు. ఎక్కమని సైగ చేశాడు. బండి సగం దూరం వచ్చింది. ఎండకు ఎడ్లు నురగలు కక్కుతున్నాయి. జంగయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"గా సినిమల లైట్లు మస్తు వేడుంటయంట గద. ఆళ్లకు చెమట రాదా?"

"వస్తదన్నా. కారిపోతే తుడుస్తం, మళ్ల రాస్తం. మళ్ల తీస్తరు."

జంగయ్య పగ్గం చేతికి చుట్టుకున్నాడు.

"మంచిగుంది మీ పని" అన్నాడు. "మళ్ల తీస్తరు."

తర్వాత ఎడ్లను అదిలించాడు. ఎల్లస్వామి బండి వెనక కాళ్ళు వేలాడేసుకొని, వదిలివచ్చిన రోడ్డును చూస్తూ కూర్చున్నాడు.